మరొకరి పథ్యం: మోకాళ్ల నొప్పిలో ఆహారాన్ని తిరిగి పెట్టిన ఒక కేసు

2023 ఆగస్టులో 62 ఏళ్ల మహిళ ఒకరు రెండు మోకాళ్ల నొప్పితో తిరుపతిలోని మా ఆయుర్వేద వైద్యశాలకు వచ్చారు. ఊరు చంద్రగిరి మండలంలోని ఒక పల్లె. ముప్పై ఏళ్లకు పైగా నేలమీద బాసింపట్టు వేసుకుని పూలు కట్టి అమ్మినవారు. నొప్పి మొదలై నాలుగేళ్లయింది. చివరి ఏడాదిన్నరలో మాత్రం కింద కూర్చుంటే ఒకరు చెయ్యి పట్టుకుని లేపవలసిన స్థితికి వచ్చారు. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు వదిలేశాను.

కుర్చీలో కూర్చున్న వెంటనే ఆమె అడిగిన ప్రశ్నను నేను యథాతథంగా కేసు కాగితం మీద రాసుకున్నాను. "ఉర్లగడ్డ మానేసినాను, వంకాయ మానేసినాను, పప్పు గూడా మానేసినాను మేడమ్. ఇన్ని మానినా నొప్పి తగ్గలేదంటే ఇంకా ఏదో మానాల్నేమో, అది ఏందో మీరు చెప్పండి." మోకాళ్ల నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందికి నేను బరువు తగ్గమనే చెబుతాను, ఎందుకంటే ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఈమె విషయంలో ఆ మాటకు చోటే లేదు. ఎత్తు 151 సెంటీమీటర్లు, బరువు 44 కిలోలు. రెండేళ్ల కిందట 51 కిలోలు ఉండేవారని ఇంట్లోవాళ్లు చెప్పారు.

నొప్పి పదికి ఏడు అన్నారు. పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉండే బిగుతు పది పదిహేను నిమిషాల్లో సడలుతుంది. చేతివేళ్లలో, మణికట్టులో వాపు ఎప్పుడూ రాలేదు, జ్వరం లేదు. మోకాలు మడిచి చాపితే కరకరమనే శబ్దం ఉంది గాని, తాకితే వేడి లేదు. ఇంతవరకు చూస్తే మోకాలి కీలు అరుగుదల, అంటే మన శాస్త్రంలో సంధిగత వాతం, అని ఎవరైనా చెబుతారు. నన్ను ఆపినవి రెండు విషయాలు. ఒకటి, మోకాలి చిప్పకు పది సెంటీమీటర్ల పైన కొలిస్తే కుడి తొడ చుట్టుకొలత 35.5 సెంటీమీటర్లే ఉంది, తొడ ముందు కండరం చేతికి మెత్తగా జారిపోతోంది. రెండు, కాలి ముందు ఎముకను బొటనవేలితో నొక్కితే ఆమె మోకాలిని నొక్కినప్పటికంటే ఎక్కువగా ముఖం చిట్లించారు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూస్తే ఐదుసార్లు లేచి ఆగిపోయారు. ఆ వయసు స్త్రీలు పన్నెండుకు తక్కువ లేస్తే కాళ్ల బలం తగ్గినట్టు లెక్క.

ఆహార చరిత్ర

ఈ భాగానికి నేను నలభై నిమిషాలు తీసుకున్నాను. కీళ్లనొప్పి రోగి ఏం తింటున్నారని అడగడం మనకు అలవాటే. ఏం మానేశారు, ఎప్పటినుంచి, ఎవరు చెబితే అని అడగడం మాత్రం తక్కువ.

పొద్దున ఖాళీ కడుపున వేడినీళ్లలో ఒక పెద్ద చెంచా పసుపు. అరగంట తర్వాత శొంఠి, మిరియాల కషాయం. పది గంటలకు రెండు చెంచాల పిండితో పల్చటి రాగిజావ. మధ్యాహ్నం పిడికెడు అన్నం, మిరియాల చారు, ఒక్కోరోజు సొరకాయ. సాయంత్రం మళ్లీ కషాయం. రాత్రి రెండు ఇడ్లీలు లేదా జావ. శనివారం ఒక్కపొద్దు. పదేళ్ల కిందటి మొక్కు వల్ల మాంసం, గుడ్డు ముట్టరు. మానేసినవాటి జాబితా దీనికంటే పొడుగు: కందిపప్పు, ఉలవలు, శనక్కాయలు, పాలు, పెరుగు, చింతపండు, టమోటా, వంకాయ, ఉర్లగడ్డ, అరటిపండు. లెక్క వేస్తే రోజుకు మాంసకృత్తులు 22 గ్రాములకు మించడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున చూసినా ఆమెకు 36 గ్రాములు కావాలి. కండ కరిగిన పెద్దవయసువారికి కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ఇవ్వవలసి ఉంటుంది. రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, ఎక్కువన్న మాట నిజమే, వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది; కాని ఆమె జావలో పడుతున్న పిండి ఇరవై గ్రాములు, అంటే దక్కేది 70 మిల్లీగ్రాములు.

వీటికి తోడు నొప్పి ఎక్కువైన రోజుల్లో మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డిక్లోఫెనాక్ మాత్రలు, వారానికి నాలుగైదు. ఖాళీ కడుపున కషాయాలు, ఆపైన ఈ మాత్రలు. ఛాతీలో మంటకు మరో మాత్ర.

ఈ జాబితా ఎవరు ఇచ్చారని అడిగితే ఆమె సంచిలోంచి మడతలు పడిన ఒక జిరాక్స్ కాగితం తీసి ఇచ్చారు. వాళ్ల వదినగారి దగ్గర తీసుకున్నారట. పైభాగం తెగిపోయి ఉంది, పేరు గాని వ్యాధి గాని కనబడటం లేదు. కింద ఉన్న చేతిరాత నాది.

ఆ వదినగారికి 2019లో నేను వైద్యం చేశాను. ఆమెది ఆమవాతం, ఆధునిక వైద్యంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనేది. వేళ్ల కణుపులు వాచి, పొద్దున గంటన్నర దాకా పిడికిలి బిగించలేని స్థితిలో వచ్చారు. కీళ్లవ్యాధుల నిపుణులు మొదలుపెట్టిన మెథోట్రెక్సేట్ అనే మందును ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దని చెప్పి, ఆకలి మందగించి నాలుక పూసి ఉన్నందున మూడు వారాలపాటు తేలికపాటి పథ్యం రాసిచ్చాను. "మూడు వారాలు" అన్నది నోటితో చెప్పాను, కాగితం మీద రాయలేదు. మూడు వారాలకు ఒక రోగికి ఇచ్చిన పథ్యాన్ని మరో రోగి మరో వ్యాధికి రెండేళ్లు పాటించారు. నొప్పి తగ్గకపోయేసరికి జాబితాకు తానే ఇంకొన్ని కలుపుకున్నారు. ఇది నా పొరపాటు. ఆ వారంనుంచే మా వైద్యశాలలో పథ్యం చీటీ మీద రోగి పేరు, వ్యాధి, మొదలుపెట్టే తేదీ, ఆపే తేదీ నాలుగూ రాయనిదే బయటకు ఇవ్వడం లేదు. ఆపే తేదీని ఎర్రసిరాతో రాస్తున్నాము.

ఒకే పేరు, వేరు వేరు వ్యాధులు

మన వాడుకలో "కీళ్లవాతం" అన్న ఒక్క మాట కనీసం మూడు వ్యాధులను మోస్తోంది: ఆమవాతం, సంధివాతం, యూరిక్ ఆమ్లం పెరిగి వచ్చే వాతరక్తం. సంధివాతంలో కీలు గాలి నిండిన తిత్తిలా తగులుతుందని, ముడవడంలోనూ చాపడంలోనూ నొప్పి ఉంటుందని చరకసంహిత చెప్పింది. ఆమవాతాన్ని విడిగా ఒక అధ్యాయంగా వివరించింది మాధవ నిదానం. చికిత్సలో ఈ రెండూ ఎదురెదురు దిక్కులు. ఆమవాతంలో మొదటి మెట్టు లంఘనం, అంటే తేలికపరచడం. నూనె పెట్టకుండా ఇసుకమూటతో పొడి కాపడం. చేదు, కారం, జఠరాగ్నిని పెంచే ద్రవ్యాలు. సంధివాతంలో, అందులోనూ చిక్కిపోయిన పెద్దవయసు మనిషిలో, కావలసినవి స్నేహనం, బృంహణం: నూనె, నెయ్యి, బలమిచ్చే తిండి. మొదటిదాని పథ్యాన్ని రెండోదానికి పెడితే వాతం ఇంకా పెరుగుతుందని శాస్త్రం చెబుతుంది. ఆధునిక భాషలో చెబితే మోకాలిని కాపాడవలసిన తొడ కండరం కరిగి, ప్రతి అడుగు అదురూ నేరుగా కీలు మీద పడుతుంది. రెండు మాటలూ ఒకే మోకాలి గురించినవే.

అయినా ఊహమీద ఆహారం మార్చడం నాకు ఇష్టం లేదు. పరీక్షలకు పంపాను. ఎక్స్‌రేలో కీలు అరుగుదలను కొలిచే కెల్‌గ్రెన్–లారెన్స్ కొలమానం మీద రెండో గ్రేడు, అంటే సున్నా నుంచి నాలుగు దాకా ఉన్న మెట్లలో నడిమిది, తేలికపాటి అరుగుదల. ఆమవాతాన్ని పట్టిచ్చే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు రెండూ నెగెటివ్. యూరిక్ ఆమ్లం 4.6, థైరాయిడ్ మామూలే. అసలు సంగతి మిగతా కాగితాల్లో ఉంది: హిమోగ్లోబిన్ 9.6, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ 9, విటమిన్ బీ12 148, విటమిన్ డీ 11, నాలుగూ ఉండవలసినదానికంటే తక్కువే; ఎముక మెత్తబడితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొద్దిగా ఎక్కువ. రెండో గ్రేడు అరుగుదల ఒక్కటే ఇంత బలహీనతను తేలేదు. డీ విటమిన్ ఇంతగా తగ్గినప్పుడు ఎముక మెత్తబడి, కాలి ఎముకలను నొక్కితే నొప్పి, తొడల్లో సత్తువ లేకపోవడం, ఊగుతూ నడవడం వస్తాయి. వీటిని రోగి "కీళ్లనొప్పులు" అనే చెబుతారు.

ఈ లోపాలను తైలాలతో, పచ్చళ్లతో తీర్చవచ్చని నేను అనుకోలేదు. జనరల్ మెడిసిన్ వైద్యుల దగ్గరకు పంపాను. నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తం పోతోందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి మలపరీక్ష చేయించారు; అది నెగెటివ్ వచ్చింది. వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు డీ విటమిన్, బీ12 సూదులు, ఇనుము మాత్రలు రాశారు. డిక్లోఫెనాక్ ఆపించి, తప్పనిసరైతే పారాసిటమాల్ వేసుకోమన్నారు. మిగిలింది మా పని.

తిండిని తిరిగి పెట్టడం

మానేసినవన్నీ ఒక్కరోజే పెట్టి ఉంటే ఆమె ఒక్క ముద్ద కూడా నమ్మి తినేవారు కాదు. ఆమెకు పప్పు అంటే భయం, శనక్కాయ అంటే భయం. అందుకని వారానికి ఒక పదార్థం చొప్పున కలుపుతూ, ఎనిమిదో తరగతి చదివే మనవరాలి చేత రోజూ రాత్రి నొప్పి అంకెను నోటుపుస్తకంలో రాయించాము. ఏ పదార్థంతో నొప్పి పెరిగిందో ఆ పుస్తకమే చెబుతుంది, నేను చెప్పను అన్నాను. ఈ షరతు ఆమెకు నచ్చింది.

మొదటి వారం పాలు, పెరుగు. పల్చటి జావ స్థానంలో మధ్యాహ్నం రాగిసంగటి. రెండో వారం పెసరపప్పు, మూడో వారం శనక్కాయల ఊరిబిండి, నాలుగో వారం ఉలవలు. ఉలవలతో చిక్కు వచ్చింది. కడుపు ఉబ్బి, ఆ రెండు రోజులు మోకాలు కూడా పట్టేసిందని మొత్తం ఆపేస్తామన్నారు. అడిగితే ఉలవలను నానబెట్టకుండానే ఉడికించారని తేలింది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మొలక వచ్చాక ఇంగువ, వెల్లుల్లితో పులగూరలో కలిపి ఎనపమన్నాను. పది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెడితే ఇబ్బంది రాలేదు. తర్వాత చింతపండు, ఉర్లగడ్డ, వంకాయ వరుసగా వచ్చాయి. నోటుపుస్తకంలో ఈ మూడింటి వారాల్లోనూ నొప్పి అంకె కదలలేదు. ఒక్క శనగపిండి బజ్జీలతో మాత్రం ఛాతీమంట వచ్చింది. అవి వద్దనుకున్నారు, నేనూ వద్దన్నాను. మూడో నెలకు రోజువారీ మాంసకృత్తులు యాభై గ్రాముల దగ్గరికి చేరాయి. గుడ్డు మాట నేను ఎత్తలేదు. మొక్కు ఆమెది.

పసుపు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ప్రతి రోగీ అడుగుతున్నారు. 2014లో థాయ్‌లాండ్‌లో 367 మంది మోకాలి అరుగుదల రోగుల మీద జరిగిన పరిశీలనలో రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం, 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ నొప్పి మాత్రలకు తీసిపోకుండా పనిచేసింది, కడుపు ఇబ్బందులు కూడా తక్కువ. అది సారం, వంటింటి పసుపు కాదు. వంటింటి పసుపులో దాని ముఖ్య గుణపదార్థమైన కర్కుమిన్ నూటికి మూడు పాళ్ల ప్రాంతంలో ఉంటుంది, అదీ నూనె, మిరియం తోడు లేకుండా ఒంటికి పట్టడం కష్టం. మిరియంలోని పైపరిన్ ఆ పట్టడాన్ని ఎన్నో రెట్లు పెంచుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. చారులో, తాలింపులో మన పెద్దలు కలిపినవి ఈ మూడే. కర్కుమిన్‌కు ఇనుమును పట్టుకునే గుణం ఉంది గనుక, రక్తహీనత ఉన్న ఈమెకు ఖాళీ కడుపున పెద్ద చెంచా పసుపు ఆపించి, వంటలో మామూలుగా వేసుకోమన్నాను. శొంఠి కషాయాన్ని రోజుకు ఒకసారి, భోజనం తర్వాతకు మార్చాను. రక్తం పల్చబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు పసుపు సారం మాత్రలను వైద్యులను అడగకుండా మొదలుపెట్టకూడదు. ఆ మాత్రలతో కాలేయం దెబ్బతిన్న రోగులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యారు.

ఆకుల్లో మూడింటిని వాడాము. స్వర్ణముఖి ఒడ్డున దొరికే వావిలాకును ఆముదంతో వెచ్చచేసి, గుడ్డలో మూటకట్టి, స్నానానికి ముందు పావుగంట కాపడం. మూటను ముందు ముంజేతి మీద ఆనించి చూసుకోమన్నాను. చక్కెర జబ్బుతో పాదాలు తిమ్మిరెక్కినవారికి ఈ కాపడాన్ని ఇంట్లో చేసుకోమని చెప్పను. లేత నల్లేరు కణుపులను నేతిలో బాగా వేయించి, చింతపండుతో పచ్చడి, వారానికి రెండుసార్లు. వేయించకపోయినా, పులుపు తగ్గినా గొంతు దురదపెడుతుంది. మూడోది బుద్ధకాకర. మన చిత్తూరు వైపు సరిహద్దు ఊళ్లలో దీన్ని అరవపేరుతో ముడకత్తాన్ అనే పిలుస్తారు, దోసెపిండిలో రుబ్బి పోస్తారు. ఇష్టంగా తిన్నారు గనుక ఉంచాను. దానివల్లనే నొప్పి తగ్గిందని నేను ఎక్కడా రాయను.

వ్యాయామం చాలా చిన్నది, కాని రోజూ జరిగింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని ఐదు సెకన్లు కిందికి నొక్కిపట్టడం, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నెల తర్వాత కాలు చాపి పైకెత్తడం, రెండో నెలలో కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం. పూలు కట్టడానికి నేలమీంచి బల్లకు మార్చారు. ఇంట్లో మరుగుదొడ్డి మీద కుర్చీ పెట్టించారు. ఈ రెండు మార్పులకు కొడుకు ఒక్క మాటకే ఒప్పుకోవడం ఆమె అదృష్టం; చాలా ఇళ్లలో ఇవి నెలలు పడతాయి.

నడుమ వచ్చిన ఒడిదుడుకు, ఫలితం

నవంబరులో కార్తీకమాసం వచ్చింది. శనివారాలతోపాటు సోమవారాలూ ఉపవాసం పట్టారు, మూడు వారాల్లో 700 గ్రాములు తగ్గారు, నొప్పి నాలుగు నుంచి ఆరుకు పెరిగింది. వ్రతం మానమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పినా వినేవారు కాదు. ఒక్కపొద్దు రోజున అన్నం బదులు పాలు, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు, ఉడికించిన శనక్కాయలు, అరటిపండు తీసుకోవచ్చు కదా అని అడిగాను. పండూ ఫలహారమూ దోషం కాదని వాళ్ల పూజారిగారు కూడా చెప్పడంతో ఒప్పుకున్నారు. డిసెంబరు చివరికి అంకె మళ్లీ నాలుగుకు దిగింది.

2024 మే నాటికి, తొమ్మిది నెలల తర్వాత, బరువు 48 కిలోలు, కుడి తొడ కొలత 37.5 సెంటీమీటర్లు, హిమోగ్లోబిన్ 11.7, విటమిన్ డీ 34. నొప్పి పదికి మూడు. నొప్పి, బిగుతు, రోజువారీ పనుల ఇబ్బంది కలిపి 96 మార్కులకు లెక్కించే వోమాక్ కొలతలో 55 నుంచి 26కు వచ్చారు. కుర్చీలోంచి ముప్పై సెకన్లలో పదకొండుసార్లు లేస్తున్నారు. డిక్లోఫెనాక్ జనవరినుంచి ఒక్కటీ వేసుకోలేదు. ఎక్స్‌రే మళ్లీ తీయించలేదు; అరిగిన మృదులాస్థి తొమ్మిది నెలల్లో తిరిగి పెరగదు, పెరిగిందని ఆశపెట్టడం నాకిష్టం లేదు.

ఈ మెరుగుదలలో ఏ పాలు దేనిదో ఈ ఒక్క కేసునుంచి విడదీయలేము. మొదటి ఎనిమిది వారాల్లో కాలి ఎముకల నొప్పి పోవడం డీ విటమిన్ వల్లనే అయి ఉండాలి. కుర్చీలోంచి లేచే బలం వ్యాయామానిది, ఆ వ్యాయామం కండగా మారడానికి కావలసిన పప్పు, పాలది. తైలం, కాపడం ఇచ్చిన ఉపశమనం ఆ పూటకు ఉండేది. అయితే ఆ ఉపశమనమే ఆమెను వ్యాయామానికి కూర్చోబెట్టింది గనుక దాన్ని నేను చిన్నచూపు చూడను.

మనవడి పుట్టువెంట్రుకలు ఫిబ్రవరిలో తిరుమలలో తీయించారు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ ఎక్కి వెళ్లాలన్నది ఆమె కోరిక. అప్పటికి వద్దన్నాను, బస్సులో వెళ్లి, మాడవీధుల్లో చేయి పట్టుకోకుండా నడిచి వచ్చారు. మే నెలలో మళ్లీ అదే అడిగారు. మా వైద్యశాల మెట్లు పద్దెనిమిది. వాటిని వారానికి మూడు రోజులు, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు పెడుతూ ఎక్కి దిగమన్నాను. ఒకేసారి పదిసార్లు చేసిన మర్నాడు మోకాలు వాయకుండా ఉంటే కొండ సంగతి మాట్లాడదామని, అప్పుడు కూడా ఎక్కడమే నడక, దిగడం బస్సులోనేనని చెప్పాను. ఆ ఏడాది ఆగస్టులో డీ విటమిన్, హిమోగ్లోబిన్ మళ్లీ చూడాలని అనుకున్నాము. ఇది రాసేనాటికి ఆరుసార్ల దాకా వచ్చారు.